తోడు

కొవ్వెక్కిందిరా నీకు అని
చిన్నప్పుడు మా నాన్న తిట్టేవాడు.
నలభై ఆరో ఏట
కేజీహెచ్ స్కానింగు గది బయట
అదే మాట అచ్చయి చేతికొచ్చింది.
గ్రేడు రెండు.

మందు తాగుతారా అంది డాక్టరమ్మ.
లేదండి.
పెళ్ళిళ్ళకీ పండగలకీ?
లేదండి, ఒట్టు.
నమ్మీ నమ్మనట్టు చూసి
మరి ఏం తింటారు అంది.
అక్కడ దొరికిపోయాను.

ఇరవై ఏళ్ళ రాత్రి షిఫ్టు.
రెండింటికి క్రేను దిగి, పోర్టు గేటు బయట బండి దగ్గర
మైదా బజ్జీలు, చల్లటి సీసా,
మళ్ళీ ఎక్కేటప్పుడు జేబులో రెండు క్రీం బన్నులు.
తెల్లారి ఇల్లు చేరి కర్టెన్లు లాక్కుని పడక.
సముద్రం మా కిటికీలోనే ఉంటుంది.
దాన్ని పగటిపూట చూసి ఎన్నాళ్ళైందో.

డాక్టరమ్మ కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసింది.
ఇది పేగు, ఇది కాలేయం, మధ్యలో ఈ రక్తనాళం.
పేగులో దిగిన సరుకు ముందు ఇటే వస్తుంది.
అమ్మా, ఇది నాకు తెలిసిన పనే అన్నాను.
ఓడ, బెర్తు, బెల్టు, స్టాకు యార్డు.
ఆవిడ నవ్వింది.
అయితే మీ బెర్తులో కళాసీలెవరో తెలుసా?

కంటికి ఆనరు. లెక్కకి అందరు.
జీతమడగరు, జెండా పట్టరు.
మనం అరిగించుకోలేని పీచే వాళ్ళకి కూడు.
అది కూడా పడకపోతే
బెర్తు గోడ పలచబడి
ఎక్కకూడని చెత్త బెల్టెక్కుతుంది.
యార్డు వద్దనలేదు. పోగేసుకుంటుంది,
వన్‌టౌన్ మేడల మీద ఎర్రదుమ్ము పేరుకున్నట్టు
చప్పుడు లేకుండా.

నా కళాసీల్ని నేనే పస్తుంచాను.

కింద వాటాలో దాలెమ్మ.
పొద్దున్నే కంచరపాలెం గేటు దగ్గర చోడి అంబలి అమ్ముతుంది.
ఆమె వంటింటి మూల
గుడ్డ కట్టిన తరవాణి కుండ.
నాకూ కొంచెం పోస్తావా అంటే ఎగాదిగా చూసింది.
నీకెందుకు బాబూ ఈ పులుపు?
లివరు బాగాలేదు.
లివరంటే ఏటి?
కార్జం.
ఎవులిది, మేకదా?
నాదే.
నవ్వబోయి ఆపుకుంది.

అత్త చేతి కుండట అది.
రోజూ కొత్త గంజి పడుతుంది,
పాత పులుపు కొంచెం అడుగున ఉండిపోతుంది.
అడుగంటా ఊడ్సీకు, సచ్చిపోద్ది
అని చెప్పి ఒక చెంబుడు ఇచ్చింది.

అదేమీ మందు కాదు, ముందే చెబుతున్నా
అంది డాక్టరమ్మ రెండోసారి వెళ్ళినప్పుడు.
సీసాలు మానండి. బన్నులు మానండి. నడవండి.
నడుస్తున్నాను,
షిఫ్టు దిగి బీచి రోడ్డు మీద
నిద్ర మొహంతో, బూట్లతోనే.
అందరూ ఎండకి వెళ్ళిపోయే వేళకి
నేను చేపల వలల మధ్యకి చేరతాను.

సువర్ణది పరవాడలో పగటి డ్యూటీ.
పదకొండేళ్ళుగా మా కాపురం
గుమ్మంలో తాళంచెవి అందుకోవడమే.
ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి
చిటికెన వేలు ముంచి పాల వేడి చూసి
తోడేసి వెళ్తాను.
ఆరింటికి ఆమె గిన్నె వంచి
తోడుకుందో లేదో చూసి ఫ్రిజ్‌లో పెడుతుంది.
ఒకరోజు మూత మీద చీటీ:
నిన్నటిది మరీ పులిసింది.
పదకొండేళ్ళలో మొదటి ఉత్తరం.
పారేయలేదు.

మళ్ళీ స్కాను శ్రావణంలో.
ఏమొస్తుందో తెలీదు.
దుమ్ము ఒక్క వానకి పోదని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇప్పుడు రాత్రి రెండు.
కింద ఓడ దీపాలు నీళ్ళలో వణుకుతున్నాయి.
క్యాబిన్‌లో స్టీలు డబ్బా మూత తీశాను,
సల్దన్నం, ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ.
నిచ్చెనెక్కి వచ్చిన లోవరాజు ముక్కు పట్టుకున్నాడు.
ఏటన్నా ఈ వాసన?
కూర్చో అన్నాను,
కళాసీలు భోజనాలకి దిగారు.